పెన్ డ్రైవు రూపములో దొంగకొలత

కొలతలో మోసము మానవుడు మొదటి సంత పెట్టిన నాటినుండియు ఉన్నదే. అడుగున మైనము మెత్తిన పడి, కడుపు తొలిచిన తూకపురాయి, ఒక ప్రక్కకు ఒరిగిన త్రాసు - వీనిని ఎరుగని ఊరు లేదు. అందుచేతనే కొలతలపై కన్నువేసి ఉంచుట ప్రతి రాజ్యమునకును మొదటి ధర్మములలో ఒకటిగా ఉండెను. కౌటిల్యుని అర్థశాస్త్రములో తూనికలకు, కొలతలకు పౌతవాధ్యక్షుడను ప్రత్యేకాధికారి కలడు. ఖురాన్‌లో 83వ సూరాకు 'ముతఫ్ఫిఫీన్' అని పేరు. కొలతలో తక్కువ చేయువారని ఆ మాటకర్థము. 1296 నుండి 1316 వరకు ఢిల్లీనేలిన అలాఉద్దీన్ ఖిల్జీ తక్కువ తూచిన వర్తకులను ఎంత కఠినముగా శిక్షించెనో చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ వ్రాసియుంచినాడు. స్వతంత్ర భారతదేశములో 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు అమలులోనికి వచ్చినవి. నేటికిని దుకాణములోని త్రాసుపై ప్రభుత్వపు ముద్ర ఉండవలసినదే.

ఇన్ని కాలముల జాగ్రత్త తరువాత, ముద్రలేని కొలపాత్రయొకటి మన విద్యార్థుల జేబులలోనికి వచ్చి చేరినది. అదియే పెన్ డ్రైవు. దానిపై 64 జి.బి. అని ఉండును, కంప్యూటరుకు తగిలించినను 64 జి.బి. అనియే చూపును, లోపల నిజముగా ఉండునది 8 జి.బి.యో, 4 జి.బి.యో కావచ్చును. ఈ మోసమును గుర్తించు విద్య ప్రతి విద్యార్థికి రావలెననియు, దానిని నేర్పు బాధ్యత కళాశాలపై ఉన్నదనియు చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ఈ వస్తువు పుట్టుకను తెలిసికొందము. విద్యుత్తు లేకున్నను వ్రాసినది చెరగకుండ నిలుపుకొను ఫ్లాష్ మెమరీని జపానులోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువొకా 1984లో శాస్త్రలోకమునకు వెల్లడించినాడు. 2000 సంవత్సరములో పెన్ డ్రైవులు బజారులోనికి వచ్చినపుడు వాని సామర్థ్యము 8 ఎం.బి. మాత్రమే. అదియే ఆనాటికి గొప్ప; ఏలయన అప్పటి ఫ్లాపీ డిస్కులో పట్టునది 1.44 ఎం.బి. ఇప్పుడు చిటికెనవ్రేలంత పుల్లలో ఒక గ్రంథాలయమే ఇముడుచున్నది. వస్తువు చిన్నదగుచు, సంఖ్య పెద్దదగుచు వచ్చిన కొలది, కంటితో చూచి సామర్థ్యమును అంచనావేయు శక్తి కొనుగోలుదారునికి లేకుండ పోయినది. బస్తాను చూచి బియ్యమెంతయో చెప్పగల రైతు కూడ 8 జి.బి.కి, 128 జి.బి.కి తేడాను కంటితో చెప్పలేడు. మోసగాని బలమంతయు ఇచ్చటనే ఉన్నది.

పెన్ డ్రైవులో ముఖ్యముగా రెండు భాగములుండును. ఒకటి సమాచారమును దాచుకొను మెమరీ చిప్పు. రెండవది ఆ చిప్పునకును కంప్యూటరుకును నడుమ గుమాస్తావలె పనిచేయు కంట్రోలరు. కంప్యూటరు ఎన్నడును గిడ్డంగి తలుపు తెరచి చూడదు. "నీ వద్ద ఎంత చోటున్నది?" అని గుమాస్తానడుగును, అతడు చెప్పిన సంఖ్యనే తెరపై చూపును. నకిలీలు తయారుచేయువారు ఈ గుమాస్తాకు అబద్ధము నేర్పుదురు. 8 జి.బి. చిప్పును పెట్టి, 64 జి.బి. అని చెప్పునట్లు కంట్రోలరులోని ఆదేశములను మార్చివేయుదురు. కావున ప్రాపర్టీస్‌లో 64 జి.బి. అని కనబడుట నిజమునకు సాక్ష్యము కాదు. ముద్దాయినే సాక్షిగా పిలిచి అతని మాటనే తీర్పుగా వ్రాసికొనుట వంటిది అది. ఫార్మాట్ చేసి చూచినను అంతే. త్వరిత ఫార్మాట్ గిడ్డంగి అంతటిని తిరిగిచూడదు.

మరి 8 జి.బి. నిండిన తరువాత ఏమగును? కొన్ని డ్రైవులు తరువాత వచ్చిన సమాచారమును మరల మొదటినుండి వ్రాయును. అనగా నిన్న దాచినదానిపైననే నేటిది పడి నిన్నటిది నశించును. మరికొన్ని వచ్చినదానిని వచ్చినట్లే పారవేసి, "అందినది" అని రసీదు మాత్రమిచ్చును. ఫైళ్ళ పేర్లు, పరిమాణములు వ్రాసికొను పట్టిక వేరుగా డ్రైవు మొదటి భాగములో ఉండుటచేత, ఆ పట్టిక చెడనంతవరకు ఫైళ్ళన్నియు ఉన్నట్లే కనబడును. పేరుండును, తేదీయుండును, పరిమాణముండును. తెరచి చూచిననాడు లోపల ఏమియు ఉండదు. గోడమీద పేర్లు వ్రాసియున్న ఖాళీ కొట్లవలె మాత్రమే అవి మిగులును.

ఈ కారణముచేతనే ఈ మోసము పాతకాలపు దొంగకొలతకన్న హీనమైనదని మా అభిప్రాయము. దొంగపడితో కొలిచినవాడు మనకు రావలసిన బియ్యములో ఒక పిడికెడు తగ్గించును. ఇంటికి వచ్చి మరల కొలిచిన తెలియును. నష్టము ఆ పిడికెడే. నకిలీ పెన్ డ్రైవు అట్లుకాదు. అది మన సొమ్ముతోపాటు, మనము తెచ్చి దానిలో పోసిన బియ్యమును కూడ మ్రింగును. రెండువందల రూపాయల వస్తువు పోయినదని ఎవరును ఏడ్వరు. కాని ఆరునెలలు శ్రమించి తయారుచేసిన ప్రాజెక్టు నివేదిక, ఉద్యోగపు దరఖాస్తుకై స్కాన్ చేయించిన ధ్రువపత్రములు, నాయనమ్మ గొంతులో పట్టుకొన్న దక్కనీ పాట, తాతగారి చేవ్రాతలోని ఉర్దూ, తెలుగు కాగితముల ఛాయాచిత్రములు - ఇవి పోయిన మరల ఏ దుకాణములో దొరకును? పైగా ఈ నష్టము జరిగిన దినమున తెలియదు. వానిని తెరువవలసిన దినమున, అనగా అక్కర పడిన దినమున తెలియును.

అయితే తక్కువ కనబడిన ప్రతి డ్రైవును నకిలీయని నిందించుట కూడ తగదు. అసలైన 64 జి.బి. డ్రైవును విండోస్ కంప్యూటరుకు తగిలించిన సుమారు 59.6 అని చూపును. 32 జి.బి. డ్రైవు 29.8 అనియు, 128 జి.బి. డ్రైవు 119.2 అనియు కనబడును. తయారీదారులు జి.బి.కి నూరుకోట్ల బైట్లని లెక్కించుచుండగా, విండోస్ ఆ పేరుతోనే 107 కోట్ల 37 లక్షలకు పైచిలుకు బైట్లను ఒకటిగా లెక్కించుట ఇందుకు కారణము. ఇది లెక్కించు పద్ధతిలోని భేదమే కాని మోసము కాదు. మంచి వర్తకునితో తగవు పడకుండుటకైనను ఈ లెక్క విద్యార్థికి తెలిసియుండవలెను.

ఇక నకిలీని పట్టుకొను ఉపాయమేమి? సూత్రము మన పల్లెలలో అందరికిని తెలిసినదే. పాత్ర ఎంత పట్టునో తెలియవలెనన్న, నిండుగ పోసి, తిరిగి కొలిచి చూడవలెను. డ్రైవును అంచువరకు గుర్తుగల సమాచారముతో నింపి, ఆ సమాచారమును తిరిగి చదివి, పోసినది పోసినట్లు వచ్చినదో లేదో పోల్చిచూచుట తప్ప వేరు నిశ్చయమైన మార్గము లేదు. ఈ పనిచేయు ఉచిత ప్రోగ్రాములు కలవు. విండోస్ కంప్యూటర్లకు జర్మనీలోని సి.టి. అను కంప్యూటర్ పత్రికకు చెందిన హరాల్డ్ బోగెహోల్జ్ వ్రాసిన హెచ్2టెస్ట్‌డబ్ల్యు చాలకాలముగా వాడుకలో ఉన్నది. లినక్స్ వాడువారికి మిషెల్ మచాదో వ్రాసిన ఎఫ్3 కలదు. 2023లో అమెరికాలోని స్టీవ్ గిబ్సన్ వెలువరించిన వాలిడ్రైవ్ డ్రైవు అంతటిని నింపక, వందలాది చోట్ల మచ్చుచూచి కొద్దిసేపటిలో ఫలితము చెప్పును.

నిండుగ పోయు పరీక్షకు ఓపిక కావలెను. సెకనుకు 10 ఎం.బి. చొప్పున వ్రాయు డ్రైవులో 64 జి.బి. నింపుటకే సుమారు గంటా ముప్పావు పట్టును. చదువుటకు మరికొంత కాలము. 2 టి.బి. అని చెప్పుకొను పుల్లను అదే వేగముతో నింపవలెనన్న 55 గంటలు దాటును. ఈ ఓపికలేమియే మోసగానికి రక్ష. పరీక్షకుముందు డ్రైవులోని ఫైళ్ళను వేరొకచోట దాచుకొనుట మరువరాదు.

ప్రోగ్రాములు దొరకనిచోట చేతితోనైనను పరీక్షింపవచ్చును. పెద్ద వీడియో ఫైళ్ళను వేర్వేరు పేర్లతో డ్రైవు నిండువరకు నకలుచేసి, డ్రైవును పద్ధతి ప్రకారము తొలగించి, మరల తగిలించి, మొదటివి, నడుమవి, చివరివి తెరచి ఆసాంతము నడిపి చూడవలెను. తొలగించి తగిలించుట ఏలయన, అప్పుడే వ్రాసిన ఫైలును తెరచినచో కంప్యూటరు తన జ్ఞాపకములోని ప్రతినే చూపి మనలను భ్రమింపజేయవచ్చును.

కొనునపుడే గమనింపదగిన చిహ్నములును కొన్ని కలవు. మొదటిది ధర. కింగ్‌స్టన్ సంస్థ 2 టి.బి. పెన్ డ్రైవును 2017లో ప్రకటించినపుడు అది వార్తయైనది. అట్టి సామర్థ్యమును నాలుగైదు వందల రూపాయలకు ఇచ్చెదమనువాని మాటను తక్షణమే అనుమానింపవలెను. రెండవది పొట్లముపై వ్రాత. తూనికల శాఖవారి నిబంధనల ప్రకారము గరిష్ఠ చిల్లర ధర, తయారీదారుని లేక దిగుమతిదారుని పేరు, చిరునామా, నెల, సంవత్సరము, ఫిర్యాదు చేయుటకు సంప్రదింపవలసినవారి వివరములు, పరదేశపు సరుకైన ఆ దేశము పేరు ఉండవలెను. ఇవి లేకున్నను, సంస్థ పేరులో అక్షరము తప్పియున్నను ఆ వస్తువును తాకరాదు. మూడవది బిల్లు. "బిల్లు వద్దన్న ఇరువది రూపాయలు తగ్గింతును" అను మాట వినబడినచోట, ఆ ఇరువది రూపాయలు మన హక్కునకు కట్టిన వెల అని గ్రహింపవలెను. కాని ఈ చిహ్నములన్నియు సరిగానున్నను పరీక్ష మానరాదు. పేరుగల సంస్థల పొట్లములను కూడ అచ్చుగుద్దినట్లు నకలుచేయువారు కలరు. నకిలీ మెమరీ కార్డుల విషయమై శాన్‌డిస్క్ సంస్థ ఢిల్లీ హైకోర్టు వరకు పోవలసివచ్చిన సంగతి ఇందుకు నిదర్శనము.

ఇచ్చట రెండు ఆక్షేపణలు వినవచ్చును. "చౌకకు ఆశపడినవానిదే తప్పు, అతనికి జరిగినది తగినదే" అనునది మొదటిది. ఇది కడుపునిండినవారి మాట. కూలిచేసి చదివించు తల్లిదండ్రులుగల విద్యార్థి చౌకవస్తువును వెదకుట దురాశ కాదు, అవసరము. 2 టి.బి. ఆశచూపు వంచన ఒకటి కలదు నిజమే. కాని 32 జి.బి. పేరుతో, ఇంచుమించు సరియైన ధరకే 8 జి.బి. అంటగట్టు వంచన కూడ కలదు. అందులో కొన్నవాని ఆశ ఎక్కడ ఉన్నది? పలమనేరు చెన్నై, బెంగళూరుల నడుమ రహదారిపైనున్న ఊరు. రిచీ స్ట్రీటు సరుకైనను, ఎస్.పి. రోడ్డు సరుకైనను ఇచ్చటికి వచ్చుటకు ఒక పూట చాలును. ఎన్నో చేతులు మారి వచ్చిన ఆ పొట్లమును మన ఊరి దుకాణదారుడు విప్పియైనను చూడడు. అనేక పర్యాయములు అతడును మోసపోయినవారిలో ఒకడే.

రెండవ ఆక్షేపణ, "ఇప్పుడు సమాచారమంతయు క్లౌడ్‌లో దాచుకొనవచ్చును గదా, ఇక పెన్ డ్రైవు గొడవ ఎందుకు?" అనునది. కౌండిన్య అడవి అంచుననున్న పల్లెలనుండి వచ్చు విద్యార్థికి సిగ్నలు దొరకుటయే ఒక్కొకమారు భాగ్యము. జెరాక్సు దుకాణములో నివేదిక అచ్చువేయించుటకు, నెట్ సెంటరులో దరఖాస్తు పంపుటకు, సెమినారులో చిత్రములు చూపుటకు పెన్ డ్రైవునే తీసికొనిపోవుచున్నారు. వాడుకలోనున్నంతకాలము దాని కొలత నిజమైయుండవలెను.

మా వాదమునకు ఆయువుపట్టయిన సంగతి ఇప్పుడు మనవిచేయుచున్నాము. మన ప్రాంతము పాడికి పేరుపడినది. తెల్లవారకముందే చెంబు పట్టుకొని పాలకేంద్రమునకు వచ్చు ఆడకూతురి పాలను పరీక్షింపకుండ ఎవరును తీసికొనరు. లాక్టోమీటరు ముంచుదురు, వెన్నశాతము చూతురు, దానినిబట్టియే వెల కట్టుదురు. పట్టుగూళ్ళు తెచ్చిన రైతు సరుకును, టమోటాలు తెచ్చిన రైతు పెట్టెలను అట్లే త్రిప్పి త్రిప్పి చూతురు. పేదవాడు అమ్మునపుడు ఇన్ని పరీక్షలు! అదే పేదవాని కుమారుడు కొనునపుడు ఒక్క పరీక్షయు లేదు. అమ్మకమున అనుమానము, కొనుగోలున నమ్మకము - రెండును అతని నెత్తిమీదనే పడుచున్నవి. కుండను వ్రేలితో మీటి శబ్దము విని కొను మన తల్లుల తెలివిని యంత్రయుగమునకు తగినట్లు బిడ్డలకు నేర్పుట న్యాయము కాదా?

కావున కార్యవర్గ పెద్దలకు సవినయముగా కొన్ని సూచనలు. ఒకటి, కంప్యూటరు ప్రయోగశాలలో వారమునకొకదినము ఒక యంత్రమును పెన్ డ్రైవుల, మెమరీ కార్డుల పరీక్షకు కేటాయింపవలెను. దీనికి కావలసిన ప్రోగ్రాములు ఉచితములు. ఖర్చు విద్యుత్తు మాత్రమే. రెండు, కళాశాలకై కొను డ్రైవులను, కార్డులను నిండుగ పరీక్షించిన తరువాతనే స్టాకు రిజిస్టరులో వ్రాసికొని, ఆ తరువాతనే బిల్లు చెల్లింపవలెను. మూడు కొటేషన్లు పిలిచి అతి తక్కువ ధర వేసినవానికే ఇచ్చు పద్ధతి మంచిదే. కాని పరీక్షలేని తక్కువధర మోసగానికి పరచిన తివాచీ అగును. మూడు, ఈ పరీక్షను ఉర్దూలోను, తెలుగులోను ఒకే కాగితముపై వ్రాసి ప్రయోగశాల గోడకు అంటింపవలెను. నాలుగు, కార్యాలయములోని ముఖ్యమైన రికార్డులను ఏ ఒక్క డ్రైవులోనో ఉంచక, రెండు వేర్వేరు చోట్ల నిలువచేయవలెను. ఏలయన అసలైన డ్రైవు కూడ శాశ్వతము కాదు.

విద్యార్థులు తమ హక్కులను కూడ ఎరుగవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము, వస్తువును ఎంతదూరపు వర్తకునివద్ద కొన్నను, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోని కమిషన్‌లోనే రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేసికొనవచ్చును. చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయలు దాటనిచో రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొనితీరవలెనను నిర్బంధమును లేదు.  ఆన్‌లైన్‌లో అమ్మినవాడు, ప్రకటించిన లక్షణములు లేని వస్తువును తిరిగి తీసికొననని చెప్పుటకు 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు ఒప్పుకొనవు. మొదట 1915 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసిన దారి చూపుదురు. అయితే వీటన్నిటికి ఆధారము బిల్లు, పొట్లము, పరీక్షాఫలితపు ఛాయాచిత్రము. ఈ మూడింటిని దాచుకొననివానికి చట్టము చేయగల సాయము బహుస్వల్పము.

తుదకొక ధర్మసూక్ష్మము. నకిలీయని తెలిసిన డ్రైవును ఏమి చేయవలెను? దానిని మరొకరికి అమ్మివేయుట, జూనియరుకు "నీవు వాడుకో" అని ఇచ్చివేయుట మనము చూచుచున్నదే. చెల్లనినోటును చీకటిలో మార్చుట ఎట్టిదో ఇదియు అట్టిదే. తెలియక కొన్నవాడు బాధితుడు. తెలిసి ఇచ్చినవాడు ఆ దొంగకొలత వ్యాపారములో భాగస్థుడు. ఎఫ్3తో దాని నిజమైన సామర్థ్యము మేరకు కుదించి పాటలు వినుటకో, అచ్చుకాగితములు మోయుటకో వాడుకొనవచ్చును. అదియు కానిచో దుకాణదారునికి చూపి, తక్కిన సరుకును పరీక్షింపుమని మంచిమాటలతో చెప్పవలెను. ఒక్క విద్యార్థి అట్లు చెప్పిన అతడు విసుగుకొనవచ్చును. పదిమంది చెప్పిన తన టోకువర్తకుని తానే నిలదీయును.

విద్యయనగా వ్రాసియున్నదానిని చదువుట మాత్రమే కాదు; వ్రాసియున్నది నిజమో కాదో పరీక్షించుట కూడ. పొట్లముపైని సంఖ్యను పరీక్షించు అలవాటు పడిన విద్యార్థి రేపు ఓటడుగువాని వాగ్దానమును, వార్తాపత్రికలోని ప్రకటనను, వడ్డీవ్యాపారి లెక్కను కూడ నిండుగ పోసి, తిరిగి కొలిచి చూడగలడు. తన నోటి మాటకును అదే కొలతను పెట్టుకొన్ననాడు అతడు నిజమైన పట్టభద్రుడగును. అట్టి పట్టభద్రులను లోకమునకు ఇచ్చుటకే కదా ఈ కళాశాల నెలకొన్నది.